పిండి కొద్దీ రొట్టె

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

‘పిండి కొద్దీ రొట్టె’ అన్నారు మన పెద్దలు. పిండి తక్కువైన రోజున చెయ్యదగ్గ పనులు రెండున్నాయి. రొట్టెను చిన్నదిగా చేసుకుని సరిపెట్టుకోవటం ఒకటి. పళ్ళెం అంచులకూ, వేళ్ళ సందుల్లోనూ అంటుకుపోయిన పిండినంతా గీకి తీసి, రొట్టె తగ్గకుండా చూసుకోవటం రెండోది. మా అమ్మ ఎప్పుడూ రెండో పనే చేస్తుంది. కంప్యూటరు ప్రోగ్రాములు రాసే మనం మాత్రం తరచు మొదటి పనితోనే తృప్తిపడుతున్నాం. అంతేకాదు, రొట్టెలో ఏ ముక్క తగ్గించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మన చెయ్యి మొట్టమొదట తెలుగు ముక్క మీదికే పోతున్నది. ఈ సంగతి గురించి, నేను స్వయంగా చేసి చూసిన ఒక చిన్న పని ఆధారంగా నాలుగు మాటలు రాయాలనిపించింది. ఆర్ట్సు మిత్రులు అంకెలు చూసి పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ఇందులో కూడికలు, తీసివేతలు, కాసిని ఎక్కాలు తప్ప మరేమీ లేవు.

ముందుగా మెమొరీ అంటే ఏమిటో చెప్పుకోవాలి. దానికి మా గదిని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. పద్మారావు నగర్‌లో, స్కందగిరి గుడికి నాలుగు వీధుల ఇవతల, ముగ్గురం కలిసి ఒక గదిలో ఉంటున్నాం. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడుగు. గోడలో ఒక అలమర ఉంది. పుస్తకాలు, బట్టలు, బియ్యం డబ్బా, ఇలా ఎప్పటికీ ఉండే సామానంతా అందులో ఉంటుంది. పని చేసుకునే చోటు నేల. పొద్దున అక్కడే వంట, పగలు అక్కడే చదువు, రాత్రి అక్కడే చాపలు. చిన్న కంప్యూటరు చిప్పులో కూడా ఇంతే. అలమరలాంటి మెమొరీని ఫ్లాష్ అంటారు. కరెంటు పోయినా అందులో రాసింది పోదు. నేలలాంటి దాన్ని ర్యామ్ అంటారు. కరెంటు పోతే అందులో ఉన్నది చెరిగిపోతుంది. నేలను ఎవరు ఎప్పుడు వాడుకోవాలో, స్టవ్వు ఎవరి వంతో చెప్పే పెద్దమనిషి ప్రతి గదిలోనూ ఒకడుంటాడు కదా, అతడే ఆపరేటింగ్ సిస్టము. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, ఆ పెద్దమనిషికి కూడా ఒక చాప చోటు కావాలి. గది చిన్నదయ్యేకొద్దీ ఆ చాప పెద్దదిగా కనిపిస్తుంది.

నాకు దొరికిన గది పేరు ఏటీమెగా328పి. ఆర్డ్యూనో ఊనో అనే బోర్డు మీద ఉండే చిప్పు ఇది. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది. దీని అలమర 32 కిలోబైట్లు, అంటే 32,768 బైట్లు. అందులో 512 బైట్లు, ప్రోగ్రామును లోపలికి ఎక్కించే చిన్న కోడుకు పోతాయి. మనకు మిగిలేది 32,256. నేల 2 కిలోబైట్లు, అంటే 2,048 బైట్లు. సెల్‌ఫోనులో తీసిన ఫోటో ఒకటి మూడు మెగాబైట్లు అనుకుంటే, ఆ ఒక్క ఫోటోను దాచటానికే ఇలాంటి చిప్పులు తొంభైకి పైగా కావాలి.

అయితే ఇది చిన్నదా పెద్దదా అన్నది దేనితో పోలుస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. మన ఊళ్ళోనే ఉన్న ఈసీఐఎల్ సంగతి చూడండి. 1967లో ఏర్పడిన ఆ సంస్థకు తొలి సారథి డాక్టర్ ఏ.ఎస్. రావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. ఏ.ఎస్. రావు నగర్ అని మనం బస్సు బోర్డుల మీద చదివే పేరు ఆయనదే. ట్రాంబేలోని అణు పరిశోధనా కేంద్రంలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే కంప్యూటరు 1969లో పనిలోకి దిగింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటరు అన్నదానికి అది పొట్టిపేరు. తర్వాత ఈసీఐఎల్ దాన్ని తయారుచేసి అమ్మింది. దాని కనీస మెమొరీ 4,096 పదాలు, పదానికి 12 బిట్లు. లెక్క కడితే 6,144 బైట్లు. కావాలంటే 32 వేల పదాల దాకా పెంచుకునే వీలుండేది. 1975లో 16 బిట్ల టీడీసీ-316 వచ్చింది. అంటే మన నగరం పేరు కంప్యూటర్ల చరిత్రలోకి ఎక్కిన ఆ తొలి యంత్రపు కనీస మెమొరీకి ఐదు రెట్లకు పైగా చోటు నా బొటనవేలంత చిప్పులో ఉన్నది. చోటు లేదని ఏడ్చే హక్కు నాకెక్కడిది?

ఇరుకులో కాపురం చేసినవాళ్ళు బయటి దేశాల్లోనూ ఉన్నారు. చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకలోని కంప్యూటరుకు శాశ్వత మెమొరీ 36,864 పదాలు, చెరిపి రాసుకునేది 2,048 పదాలు. అంతరిక్ష గణితమంతా యంత్రభాషలో నేరుగా రాస్తే పట్టదని, అక్కడి ప్రోగ్రామర్లు పొట్టి గుర్తులతో ఒక చిన్న భాషను కల్పించుకుని, దాన్ని చదివి పనిచేసే దుబాసీ ప్రోగ్రామును లోపల పెట్టారు. పని కొంచెం నెమ్మదిగా సాగినా చోటు బాగా కలిసివచ్చింది. 1974లో గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టము 64 కిలోబైట్ల యంత్రాల్లో తిరిగేది. అందులో వర్డ్‌స్టార్ వంటి పెద్ద ప్రోగ్రాములు ‘ఓవర్లే’ అనే ఉపాయంతో బతికాయి. ప్రోగ్రామును ముక్కలు చేసి, ఏ ముక్క పని పడితే దాన్ని డిస్కు నుంచి తెచ్చి, పని అయిపోయిన ముక్క చోటులోనే పెట్టటమన్నమాట. వ్యవసాయం తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. నారు పీకిన తర్వాత నారుమడిని ఎవరూ ఖాళీగా వదలరు. అందులోనూ నాటేస్తారు. 1986 నాటి టర్బో పాస్కల్ 3.02ను తీసుకోండి. రాసుకునే ఎడిటరూ, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరూ రెండూ కలిసి ఒకే ఫైలు. దాని సైజు 39,731 బైట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇక నా అవసరం. మాది జనగామ జిల్లాలో వ్యవసాయ కుటుంబం. బోరు కింద మూడెకరాలు. బోరు మోటారుకు ముఖ్యంగా రెండు గండాలున్నాయి. నడుస్తుండగా మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మిగతా రెండు ఫేజుల మీద భారం పడి వైండింగు కాలుతుంది. రెండోది, బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు వట్టిగా తిరిగి, చల్లబరిచే నీరు లేక వేడెక్కి చెడిపోతుంది. ఒకసారి మోటారు కాలిందంటే పైపులన్నీ బయటికి లాగాలి, వైండింగుకు పంపాలి, మళ్ళీ దించాలి. ఆలోపల మడి నెర్రెలు బారుతుంది. ఈ రెండు గండాలనూ ఆంపియర్లు చూసి పట్టుకోవచ్చు. నీళ్ళు లేని మోటారు తక్కువ కరెంటు లాగుతుంది. ఫేజు పోతే ఒక తీగలో సున్నా, మిగతా రెంటిలో ఎక్కువ.

ఇందుకోసం బజారులో పెట్టెలు దొరుకుతాయి. మేమూ ఒకటి కొన్నాం. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. అది మోటారును సరిగానే ఆపేది. ఎందుకు ఆపిందో మాత్రం ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె వేసి చూపించేది. మా అమ్మ తెలుగులో ఏడో తరగతి దాకా చదివింది. పేపరు దొరికితే మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వదలదు. ఒక యాసంగిలో నాయిన ఊళ్ళో లేనప్పుడు మోటారు ఆగింది. అమ్మ నాకు ఫోను చేసింది.

“దువ్వెన లెక్క ఒకటున్నదిరా, మూడు పండ్లున్నయి. పక్కన మూడంకె ఉన్నది. ఏమన్నట్టు?”

ఆ కంపెనీ పుస్తకంలో ఆ గుర్తు ఎక్కడుందో వెతికి నేను తిరిగి చెప్పేలోపల, కరెంటు పోయి వచ్చిందేమో అనుకుని అమ్మ రెండుసార్లు బటను నొక్కి మోటారు వేసింది. మూడోసారి అది తిరగలేదు. మోటారు ఖర్చు ఎట్లాగో తీర్చుకున్నాం. చదువు వచ్చిన మనిషిని ఆ పెట్టె చదువు రానిదాన్ని చేసి నిలబెట్టిందే అన్న బాధ మాత్రం నాకు పోలేదు. మా గది దగ్గరి మెడికల్ షాపు ముందు కూడా ఇదే చూస్తుంటాను. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మందుల అట్ట పట్టుకుని, “బిడ్డా, జర సదివి చెప్పు” అని దారిన పోయే కాలేజి పిల్లలను అడుగుతుంటారు. వాళ్ళలో చాలామందికి చదువు వచ్చు. వాళ్ళకు వచ్చిన చదువులో ఆ అట్ట మీద ఏమీ ఉండదు, అంతే.

కాబట్టి ప్రాజెక్టు పనిగా నేను ఈ పెట్టెనే ఎంచుకున్నాను. మూడు తీగల్లో కరెంటు కొలవాలి. హద్దు దాటితే స్టార్టరు కాయిలుకు వెళ్ళే తీగను తెంపి మోటారును ఆపాలి. 128 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు ఉన్న చిన్న తెర మీద కారణాన్ని తెలుగులో, రెండు వరుసల్లో చూపించాలి. అలాంటి సందేశాలు మొత్తం 14. అందరూ చేసినట్టే దొరికిన లైబ్రరీలన్నీ కలిపి, ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టము అరువు తెచ్చి పెట్టి, తెలుగు సందేశాలను బొమ్మలుగా గీసి ఎక్కించబోతే, కంపైలరు చెప్పిన సైజు 41,550 బైట్లు. ఉన్న చోటు కన్నా 9,294 ఎక్కువ! ఒక మోటారును ఆపే ప్రోగ్రాము టర్బో పాస్కల్ మొత్తం కన్నా పెద్దదయింది.

అది చూసి ఒక సీనియరు, మంచి మనసుతోనే, సలహా ఇచ్చాడు. “తెలుగు తీసెయ్యి తమ్ముడూ. ఒక్క దెబ్బకు పది కిలోబైట్లు తగ్గుతయ్. నాలుగు ఇంగ్లీషు మాటలు అమ్మకు నేర్పిస్తే అయిపాయె.” లెక్క ప్రకారం అతడి మాటలో తప్పు లేదు. తెరలో ఒక వరుస 128 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు. అంటే 384 బైట్లు. రెండు వరుసలకు 768. పద్నాలుగు సందేశాలకు 10,752 బైట్లు. ప్రోగ్రాములో ఇంతకన్నా పెద్ద ముక్క మరొకటి లేదు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఏ అవసరం కోసం పెట్టె చేస్తున్నామో దాన్నే తీసేస్తే, మిగిలేది బజారులో దొరికే పెట్టే కదా!

తెలుగు నిజంగా అంత బరువైన భాషా? ‘నీళ్ళు లేవు’ అన్న మాటలో ఖాళీతో కలిపి 11 గుర్తులున్నాయి. ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటికి 3 బైట్లు, ఖాళీకి ఒకటి. మొత్తం 31. అదే అర్థాన్ని ఇంగ్లీషులో ‘నో వాటర్’ అని రాస్తే 8 బైట్లతో సరి. ఇది చూసి తెలుగు నాలుగు రెట్లు బరువు అనుకుంటాం. కానీ ఆ మూడు బైట్లలో మొదటిది ప్రతి తెలుగు గుర్తుకూ ఒకటే. రెండోది రెండు రకాల్లో ఏదో ఒకటి. ప్రపంచంలోని లిపులన్నీ ఒకేచోట కలిసి ఉన్నప్పుడు ‘ఇది తెలుగు’ అని ప్రతిసారీ చెప్పుకోక తప్పదు. మా పొలంలోని పెట్టెలో ఉన్నదంతా తెలుగే. అక్కడ ప్రతి అక్షరానికీ ఇంటిపేరు ఎందుకు? యూనికోడులో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు. ఒక్క బైటుతో 256 గుర్తులు చెప్పవచ్చు. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీ చేసింది ఇదే, గుర్తుకు ఒక్క బైటు. ఆ లెక్కన ‘నీళ్ళు లేవు’కు 11 బైట్లు చాలు. బరువు మూటకట్టిన తీరులో ఉంది, భాషలో లేదు.

ఇక పిండి గీకటం మొదలుపెట్టాను. వేగం కన్నా సైజు ముఖ్యమని కంపైలరుకు చెప్పే ఏర్పాటూ, ఎవరూ పిలవని ఫంక్షన్లను పారేసే ఏర్పాటూ ఆర్డ్యూనోలో మొదటినుంచీ ఉండేవే. యంత్రం చెయ్యగలిగింది చేశాకే 41,550 వచ్చింది. మిగతాది మనిషి చెయ్యాలి. మొదట చెయ్యవలసిన పని ‘మ్యాప్ ఫైలు’ చదవటం. ఇది మన పహాణీ లాంటిది. ఏ సర్వే నంబరులో ఎవరు ఎన్ని గుంటలు దున్నుతున్నారో పహాణీ చెప్పినట్టు, మెమొరీలో ఏ ఫంక్షను ఎన్ని బైట్లు ఆక్రమించిందో మ్యాప్ ఫైలు చెబుతుంది. అది చూస్తే, ఒక పెద్ద కమతం దశాంశ లెక్కల పేరున ఉన్నది. ఈ చిప్పుకు దశాంశాలు పుట్టుకతో రావు. 4.25 ఆంపియర్లు అని రాస్తే, ఆ చుక్కను మోయటానికి కూడిక, గుణకారం, భాగహారం, అచ్చువేయటం, అన్నింటికీ విడివిడిగా కోడు వచ్చి కూర్చుంటుంది. రూపాయల్లో కాక పైసల్లో లెక్క రాసుకున్నట్టు 425 అని పెట్టుకుని, చూపించేటప్పుడు మాత్రం మధ్యలో చుక్క పెడితే సరిపోయింది. 3,120 బైట్లు తగ్గాయి.

రెండోది ఆ పెద్దమనిషి చాప. నేను అరువు తెచ్చుకున్నది ఫ్రీఆర్టీఓఎస్ అనే ప్రసిద్ధమైన చిన్న ఆపరేటింగ్ సిస్టము. దాని కెర్నెల్ 6 నుంచి 12 కిలోబైట్లు ఉంటుందని తయారుచేసినవారే చెబుతారు. చాలా పెట్టెలకు అది చక్కగా సరిపోతుంది. నా గదికి మాత్రం పెద్దది. పైగా అందులో ప్రతి పనికీ నేల మీద సొంత చోటు ఇవ్వాలి. నావి నాలుగు పనులు: కరెంటు కొలవటం, తెర, బటన్లు, గడియారం. ఒక్కోదానికి 160 బైట్లు ఇచ్చినా 640 అయ్యాయి. తెర బొమ్మకు 1,024. ఉన్న 2,048లో ఇక మిగిలేది 384.

దీనికి విరుగుడు చెరువు కింద వ్యవసాయంలో ఉంది. ఒక తూము కింద నలుగురు రైతులుంటే నలుగురికీ నాలుగు కాలువలు తవ్వరు. ఒకే కాలువ, వంతులవారీగా నీళ్ళు. ఎవరి వంతు ఎప్పుడో నీరటికాడు చూస్తాడు. స్వీడన్ దేశపు ఆడమ్ డంకెల్స్, ఆయన సహచరులు 2006లో ప్రకటించిన ‘ప్రోటోథ్రెడ్లు’ సరిగ్గా ఇట్లాంటివే. పనులన్నీ ఒకే చోటును వంతులవారీగా వాడుకుంటాయి. తన వంతు ముగించేటప్పుడు ఎక్కడ ఆపిందో ఆ గుర్తు ఒక్కటే ప్రతి పనీ దాచుకుంటుంది. అందుకు 2 బైట్లు చాలు. 640 బైట్ల చోట 8 బైట్లు! దీనికీ షరతులున్నాయి. వంతు దిగేటప్పుడు చేతిలో ఉన్న పార గట్టు మీద పెట్టి రావాలి, అంటే దాచుకోవలసిన విలువలను ముందే వేరే చోట రాసుకోవాలి. ఎవడైనా మడవ కట్టకుండా కూర్చుంటే మిగతా ముగ్గురి పొలాలూ ఎండుతాయి. కాబట్టి ప్రతి పనీ కొద్దికొద్దిగా చేసి తప్పుకునేలా రాయాలి. అలా రాస్తే అలమరలో 6,240 బైట్లు ఖాళీ అయ్యాయి. తెరను కూడా ఒకేసారి కాక, 8 చుక్కల ఎత్తున్న పట్టీలుగా ఎనిమిదిసార్లు గీశాను. 1,024 బైట్ల నేల 128కి వచ్చింది. తెర మారటం కళ్ళకు తెలియనంత ఆలస్యమవుతుంది. మోటారు దగ్గర నిలబడ్డ మనిషికి అదొక లెక్క కాదు.

మూడోది అక్షరాలు. సందేశాలను పూర్తి బొమ్మలుగా దాచటం దండగ. ‘మోటరు’ అన్న మాట పద్నాలుగింటిలో తొమ్మిదిసార్లు వచ్చింది. ఒకప్పుడు మన పట్టణాల నిండా ఉండిన టైపు ఇన్‌స్టిట్యూట్లను తలచుకోండి. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిపితే రూపాలు వందల్లో ఉంటాయి. టైపు మిషను మీది మీటలు మాత్రం కొన్ని పదులే. అక్షరం కొట్టి, దాని మీద తలకట్టో గుడో, దాని కింద వత్తో వేరుగా కొట్టి రూపం తెప్పించేవారు. నేనూ అదే చేశాను. నా 14 సందేశాలకు కావలసిన ముక్కలు ఏరితే 61 తేలాయి. ముక్కకు 16 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు, అంటే 48 బైట్లు. మొత్తం 2,928. ఏ సందేశంలో ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెప్పే వరుసలకు 280. ముక్కలను అతికే కోడుకు 300. కూడితే 3,508. అంతకుముందు 10,752. సీనియరు తీసెయ్యమన్న తెలుగు, ఒక్క సందేశం పోకుండా, మూడో వంతుకు తగ్గింది.

ఇక్కడ అమ్మ చేసిన సాయం చెప్పకపోతే అన్యాయమవుతుంది. సందేశాలను నేను మొదట సర్కారు ప్రకటనల ధోరణిలో రాశాను: ‘నీరు లభ్యం కానందున మోటారు నిలిపివేయబడినది’. సెలవుల్లో చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. “గట్ల ఎవరు మాట్లాడుతర్రా? బోరు పోస్తలేదు, మోటరు ఆగింది అను.” లెక్కపెట్టి చూశాను. మొదటి వాక్యంలో ఖాళీలతో కలిపి 41 గుర్తులు. అమ్మ వాక్యంలో కామా వదిలేస్తే 27. తెర మీద రెండు వరుసల్లో సరిగ్గా పట్టేసింది. సైజు తగ్గించే పుస్తకాల్లో ఈ ఉపాయం ఎక్కడా చదవలేదు. మనుషులు నిజంగా మాట్లాడే భాష, వాళ్ళ కోసం మనం తయారుచేసే భాష కన్నా పొట్టిగా ఉంటుంది.

చివరిగా, ఐదు చోట్ల విడివిడిగా రాసిన ఒకే రకం కోడును ఒక్క ఫంక్షనుగా చేస్తే 610 బైట్లు కలిసివచ్చాయి. 3,120, 6,240, 7,244, 610 కూడితే 17,214. 41,550లో తీసివేస్తే 24,336. అలమరలో ఇంకా 7,920 బైట్లు ఖాళీ.

తగ్గించటం మొదలుపెట్టాక అదొక వ్యసనంలా పట్టుకుంటుందని కూడా చెప్పాలి. ఇంకా ఏం తీసేద్దామా అని చూస్తుంటే రెండు ముక్కలు కనిపించాయి. మోటారును ఆపమన్న తర్వాత, అది నిజంగా ఆగిందో లేదో మళ్ళీ ఆంపియర్లు చూసి నిర్ధారించుకునే ముక్క ఒకటి. ప్రోగ్రాము ఎక్కడైనా చిక్కుకుపోతే చిప్పును మళ్ళీ మొదటినుంచి నడిపించే ‘వాచ్‌డాగ్’ రెండోది. రోజూ పనికిరావు కనుక అనవసరంగా కనిపిస్తాయి. ఏడాదికి ఒక్కసారి పనికివచ్చే రోజున అవి లేకపోతే పెట్టె ఉండీ లేనట్టే. వాటిని ముట్టుకోలేదు. ఏది ఎన్ని బైట్లో మ్యాప్ ఫైలు చెబుతుంది. ఏది ఎవరికి ఎంత అవసరమో అందులో ఉండదు. అది పొలం గట్టు మీద నిలబడి తెలుసుకోవలసిందే.

“ఇంత తిప్పలెందుకు? పెద్ద చిప్పు కొంటే పోలేదా?” అని మా సారు ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మెగాబైట్ల కొద్దీ ఫ్లాష్ ఉన్న చిప్పులు ఇవాళ కొద్ది ధరకే దొరుకుతున్నాయి. కొత్త పని మొదలుపెట్టేవారు అవి కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ గది పెద్దదైతే సామాను కూడా పెరుగుతుంది. పాస్కల్ భాషను సృష్టించిన నిక్లౌస్ విర్త్, 2024 జనవరి 1న కన్నుమూసినవారు, 1995లోనే ఈ సంగతి మీద ఒక వ్యాసం రాశారు. యంత్రాలు వేగం పుంజుకునే దానికన్నా త్వరగా ప్రోగ్రాములు బరువెక్కి నెమ్మదిస్తున్నాయని ఆయన ఫిర్యాదు. మా అమ్మ ఫోను చూస్తే ఆ మాట నిజమనిపిస్తుంది. నెలకోసారి ‘చోటు లేదు’ అంటుంది. అప్పుడు ఏదో ఒకటి తీసెయ్యాలి. తీసేసేది ఎప్పుడూ మనవరాలి ఫోటోలో, చుట్టాల పెళ్ళి వీడియోలో. లావైన ప్రోగ్రాము మాత్రం అట్లాగే ఉంటుంది. మనం గీకకుండా వదిలేసిన పిండి ఖరీదు, చిన్న ఫోను ఉన్నవాళ్ళు కడుతున్నారు.

పెట్టెను ఊళ్ళో కరెంటు పని తెలిసినాయన సాయంతో పోయిన యాసంగిలో స్టార్టరు పక్కన బిగించాం. ఇప్పటికి నాలుగుసార్లు మోటారును ఆపింది. మూడుసార్లు ఫేజు పోయి, ఒకసారి నీళ్ళు లేక. నాలుగుసార్లూ అమ్మ చదువుకుని, చెయ్యవలసింది చేసుకుంది. నాకు ఫోను రాలేదు. సెలవులకు ఇంటికి పోతే అప్పుడు చెప్పింది, అదీ మాటల మధ్యలో.

మిత్రులారా, మనలో చాలామంది ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. ప్రాజెక్టు అనగానే చోటు చాలదనో, టైము లేదనో తెలుగును వాయిదా వేస్తాం. ‘తర్వాత చూద్దాం’ అన్న ఆ తర్వాత ఎప్పటికీ రాదు. మొదటి రోజునే దానికి చోటు కేటాయించి, మిగతావాటిని సర్దమని నా మనవి. ఎక్కడ సర్దాలో వెతికితే దొరుకుతుంది.

ఆ మిగిలిన 7,920 బైట్ల సంగతి చెప్పి ముగిస్తాను. మా పెట్టెను చూసిన పక్క తండా రైతు ఒకాయన, “మా అవ్వకు తెలుగు మాట కన్నా లంబాడీ మాటనే మంచిగ సమజైతది. మా మాటల రాస్తవా?” అని అడిగాడు. వాళ్ళ మాటలను తెలుగు అక్షరాల్లో రాయవచ్చు. నా దగ్గరున్న 61 ముక్కలకు మరికొన్ని కలపాలి. ఎన్నో ఇంకా లెక్కపెట్టలేదు. రేపటి సెలవుల్లో తండాకు పోయి, ఆ అవ్వ ‘బోరు పోస్తలేదు’ను ఎట్లా అంటుందో విని రావాలి.